చిత్రలేఖనం, బంగారు పూత ఉన్న పాత ఇంగ్లీషు పింగాణీని గుర్తించి, కొని, కాపాడుకోవడం ఎలా?

పాత ఇంగ్లీషు పింగాణీ పళ్ళెమో, కప్పు సాసరో చేతికి రాగానే దాదాపు అందరూ దాన్ని తిరగేసి అడుగున ముద్ర ఉందేమో వెతుకుతారు. ఆ పనిని చివరికి ఉంచుకోండి. ముద్రను ఎవరైనా ఎప్పుడైనా వేయగలరు. మట్టి మిశ్రమం, గాజు పూత, కుంచె నడక, బంగారం అరిగిన తీరు అనే నాలుగింటినీ కలిపి అనుకరించడం మాత్రం చాలా కష్టం. అందుకే ఇక్కడ చెప్పబోయే పరిశీలన వెలుతురుతో మొదలై, రంగుల మీదుగా, బంగారం మీదుగా సాగి ముద్ర దగ్గరకు చేరుతుంది. 1740ల మధ్యలో లండన్‌లో చెల్సీ, బో కర్మాగారాలు మొదలైనప్పటి నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా తయారైన విందు పాత్రలకు ఈ పద్ధతి పనికివస్తుంది.

పరిశీలనకు ముందు

బల్ల మీద మందపాటి తువ్వాలు పరచండి. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే బంగారు పట్టీ మీద గీత పడడానికి ఒక్క ఉంగరం చాలు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న టార్చిలైటు, మెత్తని పెన్సిలు, వీలైతే నోట్లను పరీక్షించడానికి వాడే అతినీలలోహిత టార్చి దగ్గర ఉంచుకోండి. కప్పును పిడి పట్టుకుని ఎత్తకూడదు. పిడి అతుకే అన్నిటికన్నా ముందు బలహీనపడే చోటు కాబట్టి, ఒక చేయి అడుగున పెట్టి, రెండో చేత్తో పక్కనుంచి ఆనించి ఎత్తండి. మూత ఉన్న పాత్రైతే ముందు మూతను తీసి విడిగా పెట్టండి.

మొదటి పని: వెలుతురు ఎదుట పట్టి చూడడం

గదిలో దీపాలు ఆర్పి, పాత్ర వెనక టార్చి పెట్టి, మట్టి గుండా వచ్చే కాంతి రంగు గమనించండి. ఇంగ్లండులో ఒక్కో కర్మాగారం ఒక్కో మిశ్రమం వాడింది కాబట్టి ఈ ఒక్క పరీక్షే చాలా సంగతులు చెబుతుంది. 1751లో డాక్టర్ జాన్ వాల్, ఆయన భాగస్వాములు ఊస్టర్‌లో స్థాపించిన కర్మాగారం కార్న్‌వాల్ ప్రాంతపు సబ్బురాయిని మట్టిలో కలిపేది. ఆ పాత్రల గుండా వచ్చే వెలుతురు సాధారణంగా లేత ఆకుపచ్చగా ఉంటుంది. సబ్బురాయి కలిసిన మట్టి మరిగే నీటికి పగలకుండా తట్టుకునేది, అందుకే ఊస్టర్ టీ పాత్రలకు ఆ రోజుల్లోనే మంచి పేరు వచ్చింది. 1750ల చెల్సీ పళ్ళేలను ఇలాగే చూస్తే అక్కడక్కడ గుండ్రని ప్రకాశవంతమైన మచ్చలు కనిపిస్తాయి. సేకర్తలు వీటిని చందమామలంటారు. మట్టిలో చిక్కుకున్న గాలి బుడగల వల్ల అవి ఏర్పడతాయి.

1800 ప్రాంతానికి స్టోక్ పట్టణంలో రెండో జోసయ్య స్పోడ్ బోన్ చైనా మిశ్రమాన్ని స్థిరపరిచాడు. సుమారు సగం పాలు పశువుల ఎముకల బూడిద, మిగిలిన సగంలో చైనా క్లే అనే తెల్లమట్టి, చైనా రాయి దాదాపు సమానంగా ఉంటాయి. దీని గుండా వచ్చే వెలుతురు వెచ్చని తెలుపు. కొద్ది సంవత్సరాల్లోనే ఇంగ్లండులోని పింగాణీ కర్మాగారాలన్నీ దాదాపుగా ఈ దారికే వచ్చాయి. ఎముకల బూడిద కలిసిన పాత్రను వంటింట్లోకి తేవడానికి ఇష్టపడని కుటుంబాలు మనలో ఉన్నాయి. వారికి తొలినాటి ఊస్టర్ సబ్బురాయి పింగాణీ, లేదా 1780ల నుంచి స్టాఫర్డ్‌షైర్‌లో తయారైన న్యూహాల్ వారి తొలి రకం పింగాణీ సరిపోతాయి. అయితే బో కర్మాగారం 1740ల చివరినుంచే ఎముకల బూడిద వాడింది కాబట్టి, పాతదైతే చాలు అందులో ఎముక ఉండదనుకోవడం సరికాదు.

ఊస్టర్ పాత్ర అన్న అనుమానం కలిగితే అడుగు వలయం లోపలి వైపు పెన్సిలుతో మెల్లగా గీసి చూడండి. గాజు పూత ఆ వలయం నుంచి కాస్త వెనక్కి తగ్గి, సన్నని పూతలేని పట్టీ మిగలడం అక్కడి పాత్రల లక్షణం. పూత లేని చోట పెన్సిలు గీత పడుతుంది, పూత ఉన్నచోట జారిపోతుంది. కాఫ్లీ కర్మాగారపు పాత్రల్లోనూ ఇది కనిపించవచ్చు కనుక, దీన్ని ఒక సూచనగానే తీసుకోండి.

రెండో పని: బొమ్మ చేత్తో వేసిందా, అచ్చు వేసిందా తేల్చుకోవడం

భూతద్దం తీసుకుని ఒక పూరేకు మీద ఆగండి. చేత్తో వేసిన బొమ్మలో రంగు ఒక చోట చిక్కగా, మరో చోట పలచగా ఉంటుంది, కుంచె ఎక్కడ మొదలై ఎక్కడ ఎత్తబడిందో తెలుస్తుంది. ఒకే సెట్టులోని రెండు పళ్ళేలను పక్కపక్కన పెడితే అదే పువ్వు రెండింటిలో కొంచెం వేరుగా ఉంటుంది. రాగి పలక మీద చెక్కి, కాగితం మీదుగా దించిన అచ్చులో సన్నని సమాంతర గీతలు కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జిగురు పలకతో దించిన అచ్చుల్లో సూది మొనంత చుక్కలు ఉంటాయి. క్రమబద్ధమైన వరుసల్లో రంగు చుక్కలు కనిపిస్తే అది తరువాతి కాలపు యంత్రపు అచ్చు. వీటికి మధ్య మరో రకం ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడాలి: గీతలు అచ్చు వేసి, లోపలి రంగు చేత్తో నింపినవి. వీటిని పూర్తి చేతిపని అని అమ్మడం మామూలే. అందుకని రంగు కింద ఒకే మందంతో సాగే బయటి గీత ఉందేమో ప్రత్యేకంగా వెతకండి.

మంచి చేతిపని అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే విలియం బిలింగ్స్లీ గులాబీలను చూడాలి. 1774లో డెర్బీ కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరి, 1796 వరకు అక్కడే పనిచేసిన ఈ చిత్రకారుడు ముందుగా పూరేకంతా గులాబీ రంగు నిండుగా పూసి, తరువాత పొడి కుంచెతో రంగును తుడిచి వెలుగును బయటికి తెచ్చేవాడు. తెల్లరంగు పైన పూయకుండా, కింది పింగాణీ తెలుపునే వెలుగుగా వాడుకోవడం అందులోని గొప్పతనం. ఇరవయ్యో శతాబ్దంలో రాయల్ ఊస్టర్ వారి పండ్ల బొమ్మల్లోనూ ఈ ఓపిక కనిపిస్తుంది. ద్రాక్షకు, పీచ్ పండుకు లోతు రావడానికి ఒకే చోట రంగు వేసి, బట్టీలో కాల్చి, మళ్ళీ రంగు వేసి, మళ్ళీ కాల్చేవారు. ఆ పళ్ళేల మీద రిచర్డ్ సీబ్రైట్, పశువుల బొమ్మల మీద జాన్ స్టింటన్ వంటి చిత్రకారుల సంతకాలు ఉంటాయి. సంతకం బొమ్మలోనే, బొమ్మ రంగుల్లోనే కలిసి ఉండాలి. విడిగా, గాజు పూత మీద తేలినట్టు ఉంటే అనుమానించండి.

ఇంకొక పరీక్ష చాలామందికి తెలియదు. పళ్ళేన్ని కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని, పూత పైన వేసిన రంగుల చుట్టూ, ముఖ్యంగా నీలం చుట్టూ చూడండి. చాలా పాత పాత్రల్లో రంగు అంచు చుట్టూ నూనె పరచుకున్నట్టు ఇంద్రధనుస్సు ఛాయ ఉంటుంది. అది కాలం తెచ్చే మార్పు, కొత్తగా వేసిన రంగు చుట్టూ సాధారణంగా కనిపించదు.

మూడో పని: బంగారాన్ని చదవడం

నా దృష్టిలో ఈ పాత్రల విషయంలో ఎక్కువ సమయం గడపవలసింది ఇక్కడే. బంగారం పూసే పద్ధతి కాలానుగుణంగా మారుతూ వచ్చింది కనుక, ఒక పాత్ర తన వయసును బంగారంలోనే దాచుకుంటుంది.

తొలి దశలో బంగారు రేకును జిగురు మీద అంటించి వదిలేసేవారు. గట్టిగా కాల్చకపోవడం వల్ల అది త్వరగా రాలిపోయేది, అటువంటి పాత్రల మీద ఇప్పుడు బంగారపు ఆనవాళ్ళే మిగిలి ఉంటాయి. 1750ల మధ్య నుంచి చెల్సీలోనూ, తరువాత మిగతా చోట్లా బంగారు రేకును తేనెతో నూరి, కుంచెతో పూసి, తక్కువ వేడిలో కాల్చారు. తేనె బంగారం మందంగా, మెత్తగా, కాస్త మసక మెరుపుతో ఉంటుంది. వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. దాని మీద మొనతేలిన పనిముట్టుతో ఆకుల ఈనెలు, పక్షుల రెక్కలు గీయగలిగేవారు. చేప పొలుసుల్లాంటి నీలి నమూనా నిండిన నేల మీద గవాక్షాల్లా తెల్లని ఖాళీలు విడిచి, వాటి చుట్టూ బంగారు లతలు చుట్టిన 1760, 70ల నాటి ఊస్టర్ పళ్ళేలలో ఈ పని పరాకాష్ఠకు చేరింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పాదరసం పద్ధతి వచ్చింది. బంగారాన్ని పాదరసంతో కలిపి పూస్తే, బట్టీలో పాదరసం ఆవిరైపోయి గోధుమరంగు మట్టి పొర లాంటి బంగారం మిగులుతుంది. దాన్ని అకీకు రాయితోనో, ఎర్ర రక్తశిలతోనో రుద్ది మెరుగుపెట్టేవారు. ఈ పనిని ఎక్కువగా స్త్రీలు చేసేవారు. పాదరసం ఆవిరి పీల్చి కార్మికుల ఆరోగ్యం చెడిందన్న మాటను కూడా ఈ మెరుపును చూసేటప్పుడు గుర్తుంచుకోవాలి. తేనె బంగారం కన్నా ఇది పలుచన, ఎక్కువ నునుపు, ఇత్తడి ఛాయ ఎక్కువ. భూతద్దంతో చూస్తే రాయితో రుద్దిన సన్నని గీతలు ఒకే దిశలో కనిపిస్తాయి.

1863లో వచ్చిన ఆమ్ల బంగారం మింటన్ కర్మాగారానికి పేరు తెచ్చింది. గాజు పూత మీద నమూనాను తీవ్రమైన ఆమ్లంతో చెక్కి, మొత్తం మీద బంగారం పూసి, కాల్చి, మెరుగుపెడతారు. ఎత్తున ఉన్న భాగం మెరుస్తుంది, పల్లం మసకగా మిగులుతుంది, కనుక ఒకే బంగారంలో రెండు ఛాయలు కనిపిస్తాయి. ఇలాంటి అంచున్న పళ్ళెం 1863కు ముందుది కాదని నిస్సందేహంగా చెప్పవచ్చు. ఇక రాయితో రుద్దే పని లేకుండా బట్టీలోంచే తళతళా మెరుస్తూ వచ్చే ద్రవ బంగారం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా పలుచన. అద్దంలా మెరిసి, అరిగిన చోట ఊదా ఛాయ చూపే బంగారం పద్దెనిమిదో శతాబ్దపు పాత్ర మీద ఉందంటే, ఎవరో తరువాత మళ్ళీ పూయించారని అర్థం.

అరుగుదలను కూడా చదవండి. కప్పు అంచున పెదవి తగిలే చోట, పిడి మీద బొటనవేలు ఆనే చోట, పళ్ళెంలో పైపళ్ళెం అడుగు కూర్చునే వలయంలో బంగారం అరగాలి. అన్ని చోట్లా సమానంగా అరిగి ఉంటే అది గరుకు కాగితం పని. ఏ అరుగుదలా లేకపోతే, ఆ పాత్ర అసలు వాడనిదై ఉండాలి, లేదా బంగారం కొత్తదై ఉండాలి.

నాలుగో పని: ఆకారం, నమూనా సంఖ్య

పిడి లేని చిన్న గిన్నెలో టీ తాగడం చైనా నుంచి వచ్చిన అలవాటు. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దమంతా అది సాగింది. ఆ కాలపు టీ సెట్లను కొనేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. టీ గిన్నె, కాఫీ కప్పు రెండింటికీ కలిపి ఒకే సాసరు ఇచ్చేవారు, ఎందుకంటే ఒక మనిషి ఒకేసారి రెండూ తాగడు. 1840 దాకా దాదాపు ఇదే పద్ధతి. ఆరు టీ కప్పులు, ఆరు కాఫీ కప్పులు, ఆరే సాసర్లు ఉన్న సెట్టును చూసి ఆరు సాసర్లు పోయాయని బేరమాడవద్దు, అది నిండు సెట్టే.

అడుగున ఎర్రరంగుతోనో, బంగారంతోనో చేత్తో రాసిన అంకె ఉంటే అది నమూనా సంఖ్య. కర్మాగారపు పుస్తకంలో ఆ అలంకరణకు ఇచ్చిన వరుస సంఖ్య అది, తయారైన సంవత్సరం కాదు. స్పోడ్ 1166 అన్నా, డెర్బీ 1128 అన్నా సేకర్తలకు వెంటనే కళ్ళముందు బొమ్మ మెదులుతుంది. మొదటిది నీలి పొలుసుల మీద బంగారం, పువ్వులు, రెండోది నీలం, ఎరుపు, బంగారం కలిసిన ఇమారీ అనే జపాను శైలి అలంకరణ. ముద్ర లేని పాత్రను ఆకారం, నమూనా సంఖ్య కలిపే పట్టించగలవు. 1840కి ముందు ఇంగ్లండు టీ సెట్లలో ముద్ర లేనివి ఎన్నో ఉన్నాయి కనుక, ముద్ర లేదని మంచి పాత్రను వదులుకోకండి.

ఐదో పని: ఇప్పుడు ముద్ర

1842 నుంచి 1883 దాకా రిజిస్టరు చేసిన డిజైన్ల మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది, పింగాణీ అయితే పైన రోమన్ అంకె నాలుగు కనిపిస్తుంది. 1867 వరకు సంవత్సరాన్ని సూచించే అక్షరం పై కోణంలోనూ, 1868 నుంచి కుడి కోణంలోనూ ఉంటుంది. 1884 నుంచి ఆ వజ్రం స్థానంలో వరుస సంఖ్య వచ్చింది. ఇవి డిజైను నమోదైన తేదీని చెబుతాయి, పాత్ర ఆ తరువాత ఎన్నేళ్ళకైనా తయారై ఉండవచ్చు. అమెరికా సుంకం చట్టం వల్ల 1891 నుంచి ఎగుమతి పాత్రల మీద ఇంగ్లండ్ అన్న పేరు తప్పనిసరి అయింది. మేడ్ ఇన్ ఇంగ్లండ్, బోన్ చైనా అన్న మాటలు సాధారణంగా ఇరవయ్యో శతాబ్దానివి.

రాయల్ ఊస్టర్ వారు 1892 నుంచి తమ ముద్రకు ఏడాదికి ఒక చుక్క చొప్పున చేర్చుతూ వచ్చారు, 1915 నాటికి అవి ఇరవై నాలుగయ్యాయి. ఆ చుక్కలు లెక్కపెడితే సంవత్సరం తెలుస్తుంది. డెర్బీలోని తరువాతి కర్మాగారానికి రాయల్ క్రౌన్ డెర్బీ అన్న పేరు 1890లో విక్టోరియా రాణి అనుమతితో వచ్చింది, కనుక ఆ మాట ఉన్న పాత్ర అంతకు ముందుది కాదు.

మోసపుచ్చే ముద్రలు కూడా చెప్పాలి. కోల్‌పోర్ట్ కర్మాగారపు ముద్రలో కనిపించే 1750, రాయల్ ఊస్టర్ ముద్ర మధ్యలోని 51 అనే అంకెలు తయారైన ఏళ్ళు కావు, కర్మాగారం పుట్టుక గురించిన చాటింపులు. చెల్సీ బంగారు లంగరును అనుకరించినంతగా మరే గుర్తునూ అనుకరించలేదు. నిజమైనది చాలా చిన్నది, ఎవరికీ కనిపించని మూల ఉంటుంది. పెద్ద బంగారు లంగరు అడుగు నడిమధ్యలో మెరుస్తుంటే పాత్రను వదిలేయండి. 1845లో పారిస్‌లో మొదలైన సాంసన్ సంస్థ చెల్సీ, ఊస్టర్ పాత్రలకు ఎన్నో నకళ్ళు చేసింది. అయితే అవి గట్టి, చల్లని, బూడిద ఛాయ గల మట్టితో ఉంటాయి కనుక, మొదట చేసిన వెలుతురు పరీక్షే వాటిని బయటపెడుతుంది.

ఆరో పని: దెబ్బలు, మరమ్మతులు

పళ్ళేన్ని వేళ్ళ చివర నిలబెట్టి గోటితో మెల్లగా తట్టండి. పగులు లేకపోతే గంటలా మోగుతుంది, ఉంటే మొద్దుగా పలుకుతుంది. తరువాత చీకట్లో అతినీలలోహిత కాంతి వేయండి. మరమ్మతుకు వాడిన జిగురు, రంగు చుట్టుపక్కల పింగాణీ కన్నా వేరే రంగులో వెలుగుతాయి. పిడులు, మూత గుబ్బలు, అంచులు ప్రత్యేకంగా చూడాలి. అరిగిన బంగారం నన్ను ఎప్పుడూ బాధించదు, అది వాడకపు సాక్ష్యం. తిరిగి బంగారం పూయించిన పాత్ర కన్నా, అరిగినా అసలు బంగారమున్న పాత్రకే ఎక్కువ ఇవ్వమని సలహా ఇస్తాను.

కళ్ళకు అలవాటు కావాలంటే మ్యూజియాలు తిరగాలి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ ఉంది. ఇంగ్లండులో ఉన్న తెలుగువారికి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, స్టోక్‌లోని పాటరీస్ మ్యూజియం, ఊస్టర్‌లోని రాయల్ ఊస్టర్ మ్యూజియం అందుబాటులో ఉన్నాయి. ఒక్కోసారి ఒకే కర్మాగారాన్ని ఎంచుకుని చూడండి.

ఏడో పని: కడగడం, వాడడం, దాచడం

డిష్‌వాషర్‌లో, మైక్రోవేవ్‌లో వీటిని ఎప్పుడూ పెట్టవద్దు. డిష్‌వాషర్ పొడి బంగారాన్ని, పూతపై రంగులను తినేస్తుంది, మైక్రోవేవ్‌లో బంగారం నిప్పురవ్వలు చిమ్ముతుంది. ప్లాస్టిక్ టబ్బు అడుగున తువ్వాలు వేసి, గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు కలిపి, ఒక్కో పాత్రను విడిగా కడగండి. మెత్తని గుడ్డే వాడాలి. పీచు, చింతపండు, నిమ్మచెక్క, బూడిద, ఇత్తడి మెరుగు పొడి ఏవీ తగలకూడదు. అతికించిన పాత్రను నీటిలో ముంచకండి, తడిగుడ్డతో తుడవండి. గాజు పూతలో సన్నని నెరెలు, వాటిలో మరకలు ఉంటే బ్లీచింగ్ జోలికి పోకండి. అది నెరెల్లోకి చొరబడి, ఎండాక పూతను లేపేస్తుంది.

భోజనం విషయంలో నేను కఠినంగానే ఉంటాను. పాత రంగుల్లోనూ, పాత గాజు పూతల్లోనూ సీసం ఉంటుంది. కోల్‌పోర్ట్ కర్మాగారం యజమాని జాన్ రోజ్ సీసం లేని గాజు పూతకు 1820లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పతకం పొందిన మాట నిజమే, కానీ పూత పైన వేసిన రంగుల్లోని సీసం దానితో పోలేదు. పులుపు సీసాన్ని బయటికి లాగుతుంది. పులిహోర, పప్పుచారు, పెరుగు, ఊరగాయ, నిమ్మరసం వీటిలో వడ్డించకూడదు, పిల్లలకు వీటిలో ఏమీ పెట్టకూడదు. పండుగనాడు పొడి మిఠాయిలు డాయిలీ (అల్లికలా కత్తిరించిన కాగితం) మీద పేర్చి అతిథుల ముందు పెట్టడం వరకు చాలు.

పళ్ళేలను ఒకదానిపై ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో ఫెల్టు ముక్కో, ఆమ్లం లేని పలుచని కాగితమో వేయండి, వరుసకు ఆరు దాటనీయకండి. కప్పులను కప్పుల్లో పెట్టవద్దు, పిడితో కొక్కేనికి వేలాడదీయవద్దు. గోడకు తగిలించే స్ప్రింగు తీగలు అంచు బంగారాన్ని కోసి, కొన్నేళ్ళకు అంచునే విరుస్తాయి. పళ్ళేన్ని ప్రదర్శించాలనుకుంటే చెక్క నిలువు పీటలే మంచివి.

ప్రతి పాత్రకూ రెండు వైపులా ఫొటో తీసి, కొన్న చోటు, ధర, రసీదు, కనిపించిన లోపాలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. భారతదేశంలో కొన్న పాత్రను విదేశంలో ఉన్న పిల్లల దగ్గరకు పంపాలనుకుంటే మాత్రం ముందుగా 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టాన్ని గుర్తుంచుకోండి. నూరేళ్ళు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది. అది ఇంగ్లండులో తయారైందన్న కారణం చూపి మినహాయింపు దొరుకుతుందనుకోకుండా, పెట్టె కట్టకముందే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కార్యాలయంలో విచారించి, పాత్ర పురావస్తువు కాదని వారు తేల్చితే ఆ ధ్రువపత్రాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.